సీలు విప్పితే వారంటీ పోతుంది

5, మంగళవారం

ఉదయం 7.40కి టీవీ తెర ఆరిపోయింది. మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. మ్యాచ్ 17వ తేదీ ఆదివారం, సాయంత్రం అయిదింటికి. మధ్యలో పన్నెండు రోజులు.

టీవీ కొని నలభై మూడు రోజులు. తెర డెబ్బై అయిదు అంగుళాలు. వారంటీ మూడేళ్లు.

ఆ సమయంలో అక్క తెరకు రెండడుగుల దూరంలో తన స్టూలు మీదే ఉంది. వెంటనే నన్ను పిలవలేదు. రెండు నిమిషాలు అలాగే కూర్చుని తర్వాత అడిగింది.

"ఒరేయ్, టీవీ పోయిందా, నా కన్ను పోయిందా?"

"టీవీ."

"అమ్మయ్య" అంది.

కస్టమర్ కేర్‌కి 8.05కి ఫోన్ చేశాను. లైన్లో అమ్మాయి దొరికేసరికి 8.31. ప్లగ్ తీసి అరవై సెకన్లు లెక్కపెట్టి మళ్లీ పెట్టమంది. పెట్టాను. మళ్లీ చేయమంది. మూడోసారి కూడా చేయమంటే, మూడోసారి కొత్తగా ఏం జరుగుతుందో చెప్పమన్నాను. "మీ ఇబ్బందిని మేము అర్థం చేసుకోగలం సర్" అంది.

అర్థం చేసుకోగలిగితే మంచిదేనని ఇబ్బంది ఏమిటో చెప్పాను. మా అక్కకి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి నడిమధ్యన మచ్చ. ఎదురుగా ఉన్నది కనపడదు, అంచుల్లో ఉన్నది కనపడుతుంది. తెర పెద్దదైతే, దగ్గరగా కూర్చుని ముఖం పక్కకి తిప్పి చూస్తే మనుషుల ఆనవాలు తెలుస్తుంది. పదిహేడో తేదీ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. అందులో మైదానం మధ్యన విజిల్ పట్టుకుని పరిగెత్తే రెఫరీ మా అక్క కూతురు. ఇంత పెద్ద మ్యాచ్ దానికి ఇదే మొదటిది.

అమ్మాయి అంతా విని, ఫిర్యాదు నంబరు రాసుకోమంది. నలభై ఎనిమిది గంటల్లో టెక్నీషియన్ వస్తాడు.

6, బుధవారం

ఈ టీవీని ఎలా ఎంచుకున్నానో రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఇందులో నా తప్పేమీ లేదు.

మూడు షోరూములు తిరిగాను. పద్నాలుగు మోడళ్లు చూశాను. తొమ్మిది గడులున్న పట్టిక గీశాను: వెలుతురు, రంగు, పక్కనుంచి చూస్తే బొమ్మ ఎంత పాలిపోతుంది, పరిగెత్తే మనిషి వెనక నీడ పడుతుందా, ఇలాంటివి. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు రెండు వందల పైచిలుకు చదివి, అయిదు నక్షత్రాలిచ్చి ఒక్క ముక్కా రాయనివాళ్లని తీసేశాను. అక్కని వెంట తీసుకెళ్లి ప్రతి తెర ముందూ స్టూలు వేయించి కూర్చోబెట్టాను. ఏ తెర మీద మనిషికీ మనిషికీ తేడా తెలుస్తోందో ఆమెనే చెప్పమన్నాను. ఇంత వివరంగా అడిగిన కస్టమర్ని చూళ్లేదని సేల్స్‌మన్ అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

సర్వీసు సంగతి కూడా అడిగాను. దేశమంతా ఉందన్నాడు. అది నిజమే. మన ఊళ్లో ఎంతమంది ఉన్నారని నేను అడగలేదు.

టీవీ కొనేవాడు షోరూములో కాదు, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో అరగంట కూర్చోవాలని ఒకాయన అనేవాడు. ఎవరో ఇక్కడ రాయనక్కర్లేదు.

సాయంత్రం ఆరింటికి మేనకోడలు ఫోన్ చేసింది. చిన్నప్పుడు, డ్రిల్లు టీచరైన వాళ్లమ్మ విజిల్ లాక్కుని ఇల్లంతా ఊదేది కాబట్టి ఇంట్లో దాన్ని ఈలపిల్ల అంటాం. టీవీ బాగుందా మావయ్యా అని అడిగింది. బాగుందన్నాను. ఇది అబద్ధం కాదు. రేపు బాగవుతుంది.

7, గురువారం

టెక్నీషియన్ రాలేదు.

8, శుక్రవారం

సాయంత్రం 5.50కి సందేశం: మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

టెక్నీషియన్ రాలేదు. తలుపు ఎవరూ తట్టలేదు. తెర నల్లగా ఉంది. కంప్యూటర్ పొరపాటై ఉంటుంది.

ఫోన్ చేస్తే ఈసారి మగగొంతు. తమ రికార్డులో సమస్య తీరినట్టే ఉందన్నాడు. నా ఇంట్లో తీరలేదన్నాను. రికార్డులో తీరిందన్నాడు. ఇలా నాలుగుసార్లు. చివరికి కొత్త ఫిర్యాదు రాసుకున్నాడు. కొత్త ఫిర్యాదు కాబట్టి కొత్త నలభై ఎనిమిది గంటలు.

"ఎన్ని నక్షత్రాలిచ్చావు?" అని అక్క అడిగింది.

ఇవ్వలేదన్నాను.

"పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి కదా, ఇవ్వాల్సింది."

9, శనివారం

సర్వీస్ సెంటర్‌కి స్వయంగా వెళ్లాను. టైర్ల కొట్టు పైన రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఇంతింత టీవీలు బాగుచేసే చోటు రెండో అంతస్తులో ఎందుకు పెట్టారో అడగడానికి మనిషి దొరకలేదు. కౌంటర్ వెనక ఒక్కడే ఉన్నాడు, ఫోన్లో ఉన్నాడు. కుర్చీలు మూడు. నా టోకెన్ 31. నడుస్తున్నది 14.

అరగంట కాదు, రెండు గంటల పది నిమిషాలు కూర్చున్నాను. పక్కన ఒక దర్జీ ఆవిడ. టీవీ లోపలి సర్క్యూట్ బోర్డుని దుప్పటిలో చుట్టి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. ఇది నాలుగోసారి రావడం. కుట్టు మిషన్ మీద చేయి వేసే టైముకి ఇక్కడికొచ్చి కూర్చుంటున్నానని చెప్పింది. నేను తెలుసుకోవాల్సినవన్నీ ఆవిడకి తెలుసు. ఊరు మొత్తానికి టెక్నీషియన్లు ఇద్దరు. ఒకాయన మెట్ల మీద జారి కాలు విరిగి సెలవులో ఉన్నాడు. ఈ మెట్ల మీదే. విడిభాగాలు ఇక్కడ ఉండవు, కంపెనీ నుంచి రావాలి. ఫిర్యాదు వచ్చిన నలభై ఎనిమిది గంటల్లో మూయకపోతే టెక్నీషియన్ జీతంలో కోత.

నలభై ఏడు రోజుల ముందు ఈ కుర్చీలో కూర్చుని ఉంటే నా పట్టికలో పదో గడి ఉండేది. మిగతా తొమ్మిదీ అక్కర్లేకపోయేవి.

గోడ మీద బోర్డు: ఈ నెల 98 శాతం ఫిర్యాదులకు సకాలంలో పరిష్కారం. ఆ 98లో నేనూ ఉన్నాను.

10, ఆదివారం

శుక్రవారం కంప్యూటర్ పొరపాటు కాదు. కోడ్ నేనే చెప్పాను.

సాయంత్రం 5.48కి ఫోన్ వచ్చింది. టెక్నీషియన్ని, దార్లో ఉన్నాను, పది నిమిషాల్లో వస్తాను, మీ ఫోన్‌కి నాలుగంకెల కోడ్ వచ్చుంటుంది, ఒకసారి చెప్తారా సార్ అన్నాడు. చెప్పాను. పని పూర్తయ్యాక చెప్పాల్సిన కోడ్ అది. ఆ సంగతి సందేశంలోనే రాసి ఉంది. నేను చదవలేదు. మూడు రోజులుగా ఎదురుచూస్తున్న మనిషి గొంతు వినిపించింది, అంకెలు నోట్లోంచి వచ్చేశాయి.

కోడ్ ఎవరికీ చెప్పొద్దని నేను పేపరు ఉద్యోగంలో చేరాక ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కిందటి నెలే అర పేజీ రాశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. చెప్పేవాడూ వినేవాడూ ఒకడే అయితే ఏమంటారో తెలీదు.

అక్కకి చెప్పలేదు.

11, సోమవారం

ఉదయం 11.15కి టెక్నీషియన్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. రెండు భుజాలకీ రెండు సంచులు. గుమ్మంలోనే, "శుక్రవారం కోడ్ తీసుకున్నది నేనే సార్" అని చెప్పాడు. తిట్టడానికి నాలుగు వాక్యాలు తయారుగా పెట్టుకున్నాను. అవి అక్కడితో పోయాయి.

కిటికీలకి కర్టెన్లు వేసి, చిన్న టార్చి తీసి టీవీ తెరకి ఆనించాడు. వెలుతురు పడినచోట బొమ్మ కనిపించింది. వార్తలు చదివే అమ్మాయి చెవి, తర్వాత గడ్డం. బొమ్మ బతికే ఉంది సార్, దాని వెనక దీపాలు పోయాయి అన్నాడు. ఆ దీపాల పట్టీలు కంపెనీ నుంచి రావాలి. 21వ తేదీకి ముందు రావు.

మ్యాచ్ పదిహేడు అన్నాను.

తెలుసు సార్, అమ్మగారు చెప్పారు అన్నాడు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిన అయిదు నిమిషాల్లో అక్క అతనికి అంతా చెప్పేసింది.

వెళ్లేముందు టీవీ వెనక అంటించిన వెండిరంగు కాగితం చూపించాడు. అది తెగితే వారంటీ పోతుంది, మూడేళ్లూ పోతుంది. కంపెనీ వాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అది చెప్పడం నా డ్యూటీ, చెప్పాను అన్నాడు. మెట్లు దిగుతూ ఆగి ఇంకో మాట అన్నాడు. అది డ్యూటీ కాదు.

"ఇంత పెద్ద తెర పగలకుండా విప్పి మళ్లీ పెట్టగలిగేవాడు ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు సార్. మార్కెట్ వెనక సందులో. నాకు పని నేర్పింది ఆయనే."

ఆ సందు నాకు తెలుసు. ఆయనా తెలుసు. మా బావ.

12, మంగళవారం

వేరే మార్గాలన్నీ చూశాను.

ఎదురింటివాళ్ల టీవీ యాభై అయిదు అంగుళాలు. ఉదయం అక్కని తీసుకెళ్లి పాత మ్యాచ్ ఒకటి పెట్టించాను. తెరకి అడుగు దూరంలో కూర్చున్నా ఆటగాడెవరో రెఫరీ ఎవరో తేలలేదు. ఆమె అక్కడ కూర్చుంటే వెనక వాళ్లింట్లో ఆరుగురికి తెర కనపడదు. ఆరుగురూ ఫరవాలేదండీ అన్నారు. ఫరవాలేదండీ అనే పద్ధతి బట్టి ఫరవా ఉందని తెలిసింది.

షోరూమ్ మేనేజరుకి ఫోన్ చేశాను. మ్యాచ్ పెడతాం, వచ్చి చూసుకోండి అన్నాడు. మంచివాడు. అక్క ఒప్పుకోలేదు. ఆదివారం బేరాల మధ్య, కొట్లో స్టూలేసుకుని కన్నకూతుర్ని చూడాలా అంది.

ఈలపిల్ల ఫోన్ చేసింది. టీవీ బాగుందా అంది. బాగుందన్నాను.

13, బుధవారం

మార్కెట్ వరకు వెళ్లాను. వేరే పని మీద.

14, గురువారం

ఆఫీసులో పాత సంచికలు తీయించి, తొమ్మిదేళ్ల కిందటి వార్త చదివాను. పాత భాగాలు వేసి కొత్తవని చెప్పే టీవీ రిపేరు షాపుల మీద నేను రాసింది. నెలరోజులు తిరిగి రాశాను. పదకొండు షాపుల పేర్లున్నాయి. పదకొండోది మా బావది.

బావ పాత భాగాలు వేసేవాడు. అది నా కళ్లతో చూశాను. వార్తలో ఆ మాటకి సాక్ష్యం ఉంది. పది షాపుల యజమానులు ఏమన్నారో ఒక్కొక్కరి పేరుతో ఉంది. పదకొండో యజమాని ఏమన్నాడో లేదు. ఆయన్ని నేను అడగలేదు. అడిగితే, బంధువు కాబట్టి సందిచ్చాడని ఆఫీసులో అంటారని. పక్షపాతం ఉండకూడదని ఆయన ఒక్కడికే నోరు లేకుండా చేశాను.

ఆ వార్త మీద నాకు అవార్డు వచ్చింది.

తర్వాత షాపు గుమ్మం తొక్కేవాళ్లు తగ్గారు. నీ తమ్ముడు నన్ను ఒక్క మాట అడగకుండా రాశాడు అని బావ అంటే, వాడు అబద్ధం రాయడు అని అక్క అందట. ఆ ఒక్క వాక్యం. ఆర్నెల్లకి బావ షాపు వెనక గదిలో మకాం పెట్టాడు. అక్క నా ఇంటికొచ్చింది. ఎవరినీ ఎవరూ పొమ్మనలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క చేతిలో టార్చి. ఇంట్లో ఉన్న పెద్ద టార్చి వెతికి తీసి, టీవీ పెట్టుకుని, తెర మీద వెలుతురు జరుపుతూ చూస్తోంది. అరచేయంత వెలుగు. అందులో ఒక కాలు, ఒక బంతి, మళ్లీ ఒక కాలు.

"ఆపక్కా" అన్నాను.

"నువ్వు ఆయన దగ్గరికి వెళ్లవని నాకు తెలుసురా. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావు."

"21కి పార్టు వస్తుంది. వారంటీ మూడేళ్లుంది."

"నా కంటికెన్నాళ్లుంది?"

టార్చి కోసం చేయి చాపాను, ఇవ్వలేదు.

"ఆరు నెలలు, మహా అయితే ఎనిమిది. డాక్టరు నీ చెవిలో చెప్పాడు. నాకు తగ్గింది చూపురా, వినపడుతుంది."

15, శుక్రవారం

ఉదయం 10.20కి బావ షాపుకి వెళ్లాను.

షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికెళ్లాలి. బల్ల మీద విప్పిన టీవీ ఒకటి, చుట్టూ గుడ్ల అట్టలు. ఒక్కో గుంటలో ఒక్కో చోటి మరలు. బావ తల నెరిసిపోయింది. నన్ను చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఏం రిపోర్టరుగారూ, పన్నెండో షాపు దొరికిందా?"

టీవీ సంగతి చెప్పాను. మోడల్ చెప్పాను. ఆయన ముందు అడిగిన ప్రశ్న: సర్వీస్ సెంటర్లో కూర్చుని చూశావా కొనేముందు? లేదన్నాను. తల ఊపాడు. నేను కోడ్ చెప్పిన సంగతి కూడా చెప్పేశాను. అక్కకి చెప్పనిది ఆయనకి ఎందుకు చెప్పానో తెలీదు. ఆయన నవ్వలేదు. నవ్వుంటే తేలిగ్గా ఉండేది.

బల్ల అంచున, చిన్న స్క్రూడ్రైవర్ బరువు కింద, మ్యాచ్ పాస్ ఉంది. ఈలపిల్ల పంపింది. దాని పక్కన రైలు టికెట్టు. శనివారం సాయంత్రం 4.10.

రేపు తొమ్మిదిన్నరకి వస్తాను, మధ్యాహ్నానికి అయిపోవాలి అన్నాడు. కిందటేడు మోడల్లో ఇవే పట్టీలు, తెర పగిలిన సెట్ ఒకటి తన దగ్గర పడి ఉందన్నాడు. ఎంతవుతుందని అడగబోతే చేయి అడ్డం పెట్టాడు.

"నేనొచ్చేది నీకోసం అనుకుంటున్నావేమో. దాన్ని వాళ్లమ్మ చూడాలి. అంతే."

16, శనివారం

9.30కి అన్నాడు, 9.25కి వచ్చాడు. అక్క గుమ్మం దగ్గర నిలబడి ముఖం పక్కకి తిప్పి చూసింది. ఇన్నేళ్ల తర్వాత ఆమె అన్న మొదటి మాట, "సన్నబడ్డారు." ఆయన అన్నది, "తెర దించడానికి రెండు పరుపులు కావాలి."

పరుపులు పరిచి, మీద దుప్పటి వేసి, టీవీని బోర్లా పడుకోబెట్టాం. వెండి కాగితం నా ముందు ఉంది. బావ బ్లేడు నా చేతికిచ్చాడు.

"నువ్వే కొయ్యి. నేను కోస్తే రేపు పేపర్లో నా పేరొస్తుంది."

10.02కి కోశాను. మూడేళ్ల వారంటీ రెండు సెకన్లలో పోయింది.

మరలు ముప్ఫై నాలుగు. తర్వాత టీవీని వెల్లకిలా తిప్పి, తెర గాజుకి నాలుగు రబ్బరు కప్పులు అంటించాడు. ఇద్దరం ఎత్తాలి. గాజు నా వేలి గోరంత మందం కూడా లేదు. ఒకవైపు ముందు లేచి రెండోవైపు వెనకబడితే వంగుతుంది, వంగితే పగులుతుంది, పగిలితే ఇక చేసేదేమీ లేదు. నేను మూడు అంటే ఎత్తు, నాకంటే ముందు ఎత్తకు, నాకంటే వెనక ఎత్తకు, మాట్లాడకు, దగ్గకు అన్నాడు. అక్క వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎత్తాం. నాలుగడుగులు పక్కకి నడిచాం. దించాం. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

లోపల తెల్లటి కాగితాలు మూడు పొరలు, వాటి కింద దీపాల పట్టీలు. మూడో పట్టీలో ఒక్క దీపం, ఆవగింజంత, నల్లగా మాడి ఉంది. అదొక్కటే. ఒకటి పోతే వరస ఆరిపోతుంది, వరస ఆరితే జాగ్రత్త కోసం టీవీ మిగతావన్నీ ఆర్పేస్తుంది. ఇంత యాగీ ఆవగింజ కోసం.

బావ తన సంచిలోంచి పట్టీ తీశాడు. దాన్ని నా ముఖం ముందు పట్టుకున్నాడు.

"ఇది పాతది. ఇంకో టీవీలోంచి తీసింది. చెప్పి వేస్తున్నా. రాసుకో."

"బావా."

"అప్పుడూ చెప్పే వేశాను. ప్రతి ఇంట్లోనూ చెప్పాను. పాతదైతే పాతదానికే తీసుకున్నాను. నువ్వు అడిగుంటే ఆ ఇళ్లు చూపించేవాణ్ణి."

అక్క గుమ్మంలోనే ఉంది. ఆమెకి వినపడుతుంది.

"సవరణ వేయిస్తాను" అన్నాను.

"తొమ్మిదేళ్ల తర్వాత ఎవడు చదువుతాడోయ్? ముందు ఆ మూల పట్టుకో."

మూల పట్టుకున్నాను.

మధ్యాహ్నానికి అవలేదు. పాత పట్టీకి తీగ కలిపే చోటు వేరేగా ఉంది. సీసంతో అతకాలి. అతికితే ఒక దీపం వెలగలేదు. మళ్లీ తీసి అతికాడు. ఒంటిగంట, రెండు, మూడు. మూడున్నరకి నేను, మిగతాది నేను చూసుకుంటా వెళ్లు బావా అన్నాను. నువ్వేం చూసుకుంటావు, చూసి రాస్తావా అన్నాడు. సీసం తీగ అందుకున్నాడు.

4.10కి రైలు వెళ్లిపోయి ఉంటుంది. గదిలో ముగ్గురం ఉన్నాం. ఎవరూ గడియారం వైపు చూడలేదు. అక్క ముగ్గురికీ టీ తెచ్చింది. ఆయన టీలో చక్కెర వేయలేదు. వేయకూడదని ఆమెకి గుర్తుంది.

పట్టీ అతుక్కోవాలి, పన్నెండు గంటలు ముట్టుకోకూడదు అని ఆరింటికి లేచాడు. గాజు గోడ పక్కన, పరుపు మీద పడుకుని ఉంది. దానికి అడ్డంగా కుర్చీలు పెట్టాం.

ఈలపిల్ల ఫోన్ చేస్తే, ఈసారి అది అడగకముందే చెప్పాను. టీవీ బాగాలేదు, పదకొండు రోజులుగా బాగాలేదు, రేపు బాగవచ్చు. నాన్న రైలెక్కాడా అని అడిగింది. ఆ సంగతి ఆయన్నే అడగమన్నాను.

17, ఆదివారం. సాయంత్రం 4.40

టీవీ మధ్యాహ్నం 2.10కి వెలిగింది.

గాజు మళ్లీ ఎత్తి పెట్టేటప్పుడు ఎక్కడో చిటుక్కుమంది. ముగ్గురం ఆగిపోయాం. నా మోకాలు. తర్వాత మరలు ముప్ఫై మూడు బిగించాం. ముప్ఫై నాలుగోది దొరకలేదు. దొరకనిది లేకుండా కూడా తెర నిలబడుతుందని బావ అన్నాడు. ఎడమవైపు కింది మూల, రెండు చేతుల మేర, మిగతా తెరకంటే మసకగా ఉంది. వెలుతురు సగానికి తగ్గించాడు, పట్టీ వేడెక్కకుండా. తొంభై నిమిషాలకి ఫరవాలేదు, అదనపు సమయం వస్తే చెప్పలేను, పెనాల్టీ కిక్కులదాకా వెళ్తే దేవుడే దిక్కన్నాడు.

2.40కి ఈలపిల్ల ఫోన్. స్టేడియానికి బయల్దేరుతోందట. నాన్న రాత్రి నుంచి ఫోన్ తీయట్లేదు, హోటలుకీ రాలేదు అంది. ఫోన్ బావకిచ్చాను. ఆయన చేతులు తుడుచుకుని తీసుకున్నాడు.

"నా సీటు ఎవరికైనా ఇచ్చెయ్. నాకిక్కడే బాగా కనిపిస్తావు."

అవతల ఏదో అడిగింది.

"ఇక్కడంటే, మీ అమ్మ పక్కన."

తర్వాత చాలాసేపు ఆయన విన్నాడు. ఊఁ అన్నాడు. మళ్లీ ఊఁ అన్నాడు. ఫోన్ నాకిచ్చి, దొరకని మర వెతుకుతానని సోఫా కింద దూరాడు. పది నిమిషాలు బయటికి రాలేదు.

3.05కి కంపెనీ సందేశం: విడిభాగం అనుకున్నదానికంటే ముందే చేరింది, టెక్నీషియన్ సోమవారం ఉదయం పదింటికి వస్తాడు. బావకి చదివి వినిపించాను. సీలు తెగింది కాబట్టి వాళ్లు ముట్టుకోరు అన్నాడు. సీలు నేనే కోశానని చెప్తాను అన్నాను. చెప్పు, కానీ ఆ రెండు సంచులవాడికి టీ ఇచ్చి పంపు, పాపం అన్నాడు.

4.20కి అక్క స్టూలు తెరకి రెండడుగుల దూరంలో వేసుకుంది. మసక మూల అడ్డు రాకుండా ఒక జానెడు కుడికి జరిపింది. బావ వెళ్లడానికి సంచి సర్దుతున్నాడు. పట్టీ మధ్యలో పోతే ఎవరు చూస్తారు అని అక్క తెర వైపే చూస్తూ అంది. ఆయన సంచి కింద పెట్టాడు. వంటింట్లోంచి కుర్చీ తెచ్చుకుని, ఆమెకి అడ్డం రాకుండా కాస్త వెనగ్గా వేసుకున్నాడు. ముందుకి రండి, నాకు మీరు పక్కనుంటేనే కనిపిస్తారు అంది. ముందుకి జరిగాడు.

తెర మీద ఖాళీ మైదానం. పచ్చగా ఉంది. రెఫరీలు నల్ల చొక్కాల్లో వస్తారు. బయటికి రాగానే ఎవరూ చెప్పొద్దు, నేనే పట్టుకుంటాను అని అక్క మా ఇద్దరికీ ఆర్డరేసింది.

జట్లు 4.55కి మైదానంలోకి వస్తాయి. మ్యాచ్ అయిదింటికి.